మా ఇంటి పాల సాంద్రత

మొన్న ఆదివారం మా మనవరాలు తన సైన్సు నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టి, సాంద్రత లెక్కలు సరిగ్గా చేసిందో లేదో చూడమంది. ఖమ్మం చుట్టుపక్కల బళ్లలో ముప్పై ఏళ్లకు పైగా ఆ లెక్కలే చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, పక్కన కూరగాయలు తరుక్కుంటూనే మొదటి మూడింటికీ టిక్కు పెట్టేశాను. నాలుగో లెక్క పాల గురించి. ఒకామె నాలుగు లీటర్ల పాలు తెచ్చింది, వాటి ద్రవ్యరాశి ఇంత, స్వచ్ఛమైన పాల సాంద్రత ఇంత, ఆమె పాలలో నీళ్లు కలిపిందా, కలిపితే ఎన్ని కలిపింది అని ప్రశ్న. పిల్ల చకచకా లెక్క కట్టి, చివర "కలిపింది" అని రాసి, ఆ మాట కింద రెండు గీతలు కూడా కొట్టింది. లెక్కలో తప్పేమీ లేదు. అయినా టిక్కు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ లెక్క దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో సుద్దముక్క ఒక్క క్షణం ఆగేది. ఎందుకో పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు. నా ఈడు వాళ్లు, గిన్నె పట్టుకుని పాలకోసం వరసలో నిలబడ్డ వాళ్లు చదువుతారని ఇప్పుడు చెబుతున్నాను.

మాది వైరా దాటి లోపలికి పోతే అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న పల్లె. పొలాలు అయిపోయిన చోటే టేకు చెట్లు మొదలయ్యేవి. చలికాలం పొద్దున్నే అడవి మీదుగా వచ్చే గాలికి ముక్కుపుటాలు మండేవి. మా నాన్న కొత్తగూడెం వైపు బొగ్గుబాయిలో పనిచేసేవారు, వారానికొక్కసారి, వారం మధ్యలో వచ్చే సెలవునాడు బస్సుకు వచ్చి మర్నాడు పోయేవారు. మిగతా ఆరు రోజులూ ఇంట్లో అమ్మ, నేను, మా బర్రె. ఆ బర్రెను అమ్మ ఎంత మురిపెంగా చూసుకునేదంటే, నాకు జ్వరమొస్తే చేతి వెనకభాగంతో నుదురు తాకి చూసేది గాని, బర్రె మేత ముట్టకపోతే మాత్రం దాని మెడ పట్టుకుని పక్కనే కూర్చునేది. పొద్దునపూట నాలుగు లీటర్లకు తగ్గకుండా ఇచ్చేది. ఆ పాలు ఊళ్లోని పాలకేంద్రంలో పోసేవాళ్లం.

పాలకేంద్రం మొదట్లో ఊరికి ఆ చివర, బడి పక్కన ఉండేది. పాలు తీసుకునే ఆయన మాకు వరసకు చిన్నాయన అవుతాడు. నేను తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఏడు, ఆ గది పైకప్పు కారుతోందని కేంద్రాన్ని మా ఇంటి పక్కనున్న ఖాళీ గదిలోకి మార్చారు. అమ్మ సంబరం ఇంతా అంతా కాదు. పాలు వెచ్చగా ఉన్నప్పుడే పోస్తే పాడుకావని ఆమె నమ్మకం. పిండటం అయ్యీ కాగానే క్యాను మీద టేకు ఆకు కప్పి, దాని మీద కొంగు కప్పి, నురగ అణగకముందే తీసుకెళ్లి అందరికంటే ముందు నిలబడేది.

కేంద్రం మారిన వారంలోపే జరిగిందది. చిన్నాయన పాలలో వేసి చూసే గాజు గొట్టాన్ని మేమంతా మీటరు అనేవాళ్లం. దాని మెడ మీద గీతలుంటాయి. పాలు చిక్కగా ఉంటే అది పైకి తేలుతుంది, పలచనైతే మునుగుతుంది. ఇరవై ఎనిమిదో గీత దాకా తేలితే పాలు తీసుకుంటారు. ఆ రోజు అమ్మ పాలలో అది ఇరవై ఆరు దగ్గరే ఆగింది. చిన్నాయన గొట్టం తీసి, తుడిచి, మళ్లీ వేశాడు. మళ్లీ అంతే. వెనక వరసలో పదిమంది ఉన్నారు.

"వదినా, పాలల్ల నీళ్లున్నయ్," అన్నాడు, అమ్మ మొహం చూడకుండా.

"నీళ్లేంది? ఇప్పుడే పిండుకొచ్చిన. సుక్క నీళ్లు పడలే," అంది అమ్మ.

"మీటరు అబద్ధం చెప్తదా మరి?"

చిన్నాయన క్యాను తిరిగి చేతికిచ్చేశాడు. మా ఎదురింటి పెద్దమ్మ, అంటే మా నాన్నకు అన్న భార్య, వరసలో మూడో మనిషి. ఆమె పాలలో మీటరు ఎన్నడూ తగ్గింది లేదు. కేంద్రం పక్కకే వచ్చింది గదా, జల్దీ పోసేసి పోతే ఎవ్వరు చూస్తరనుకున్నదో ఏమో అని ఆమె పక్కనున్నామెతో అన్న మాట నా చెవినబడింది. గుసగుసే గాని, మాకు వినబడేలా అన్న గుసగుస. అమ్మ వినిందో లేదో నాకు తెలియలేదు. ఇంటికొచ్చి ఆ నాలుగు లీటర్లూ తోడుపెట్టేసింది.

ఆ తర్వాత పదిహేను రోజుల్లో ఇంకో నాలుగుసార్లు పాలు తిరిగొచ్చాయి. చిత్రమేమిటంటే అన్ని రోజులూ కాదు. కొన్ని రోజులు మీటరు సరిగ్గానే తేలేది. అదే అమ్మకు మరీ చేటైంది. ఎప్పుడూ పాలు పలచనైతే బర్రె పాలే అంత అనుకునేవాళ్లేమో. ఒకరోజు సరిపోయి, మరురోజు తగ్గితే, ఇది చేతివాటమేనని ఊరు తీర్మానించుకుంది. బావి దగ్గర అమ్మ బిందె పెట్టగానే మాటలు ఆగిపోయేవి. మా ఇంట్లో చల్ల అడుక్కుపోయే వాళ్లు కూడా ఆ చల్ల వంక ఒకలాగ చూసేవాళ్లు.

ఇక్కడ నేను చెప్పుకోవలసిన మాటొకటి ఉంది. ఊరంతటికంటే గట్టిగా అనుమానించింది నేనే.

అమ్మ పాలు పిండే ముందు ఇత్తడి చెంబు నిండా నీళ్లు తీసుకెళ్లి, బర్రె పొదుగు కడిగి, చెంబును దాన్ని కట్టేసే గాటి పక్కన పెట్టేది. పాలు పిండాక ఆ చెంబులో నీళ్లు తగ్గి ఉండేవి. పొదుగు కడిగితే తగ్గవా అని ఎవరైనా అడగవచ్చు. పద్నాలుగేళ్ల పిల్లకు, రోజూ బళ్లో "మీ అమ్మ పాలల్ల ఏం కలుపుతదే" అని అడిగించుకునే పిల్లకు, అంత నిదానం ఎక్కడిది? ఒక సాయంత్రం మేకుతో చెంబు లోపల, అమ్మ రోజూ నీళ్లు నింపే మట్టం దగ్గర సన్నగా ఒక గీత గీశాను. పొద్దున్నే ఆ గీత దాకా నీళ్లు ఉన్నాయని చూసుకుని, అమ్మ క్యానుతో బయటికి పోగానే ఎన్ని తగ్గాయో మా ఇంటి కొలపాత్రతో కొలిచేదాన్ని. అర లీటరు, ఒక్కోరోజు కాస్త ఎక్కువ. గాటి నేల ఎప్పుడూ పేడతో, మూత్రంతో తడిగానే ఉండేది కాబట్టి ఆ నీళ్లు నేల మీద పడ్డాయో, పాలలో పడ్డాయో ఎవరు చెప్పగలరు?

ఆ వారం నాన్న వచ్చారు. బస్సు దిగేలోపే ఎవరో చెప్పేసినట్టున్నారు. ఆయన అమ్మను ఒక్క మాటా అడగలేదు. పొయ్యి దగ్గర కూర్చుని, గిన్నెలోంచి ఒక పాల చుక్కను బొటనవేలి గోరు మీద వేసుకుని, వెలుతురులోకి తిప్పి అది నీళ్ల పాలలా జారుతుందా, నిలుస్తుందా అని చూశారు. అమ్మ వాకిట్లోంచి చూసింది. చూసి, పేడ ఎత్తడానికి పోయింది. ఆ రాత్రి ముగ్గురం అన్నం తిన్నామే గాని, ఎవరం ఎవరి మొహమూ చూడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బళ్లో మా సైన్సు సారు పదార్థాల ధర్మాలు మొదలుపెట్టారు. ఆయనది మధిర వైపు. మా మాటకన్నా కాస్త మెత్తగా మాట్లాడేవారు. పిల్లలను తిట్టవలసి వచ్చినా ముందు "అమ్మా" అనేవారు. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుందని, నూనె నీటి మీద ఎందుకు తేలుతుందో, ఇనుప మేకు ఎందుకు మునుగుతుందో, రెండు ద్రవాలు కలిపితే ఆ మిశ్రమం సాంద్రత రెంటికీ మధ్యన ఎలా పడుతుందో చెప్పారు. మిగతా పిల్లలు ఆవలిస్తున్నారు. నేను మాత్రం ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాను. ఇన్నాళ్లూ ఊరు నోటితో అంటున్నదాన్ని కాగితం మీద తేల్చే దారి దొరికింది గదా.

ఇంటికొచ్చి లెక్క వేశాను. మంచి రోజుల్లో మీటరు ముప్పై దాకా తేలే మా పాలలో అది ఇరవై ఆరు దగ్గర ఆగిందంటే, నాలుగు లీటర్లలో నీళ్లెన్ని? రెండుసార్లు చేశాను. అర లీటరు పైచిలుకు వచ్చింది. చెంబులో రోజూ తగ్గుతున్నది కూడా అంతే. లెక్క అంత సరిగ్గా కుదిరిన రోజు నా చదువులో అంతకు ముందు లేదు. కుదిరినందుకు నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం అమ్మ జడ వేస్తానని పిలిస్తే తలనొప్పని చెప్పి పోలేదు.

మర్నాడు బడి విడిచాక సారు దగ్గరికి పోయి, మా ఊళ్లో ఒకామె సంగతంటూ ఎవరి పేరూ చెప్పకుండా లెక్క చూపించాను. ఆయన చివరిదాకా చదివి లెక్క బాగుందన్నారు. కాగితం తిరిగిస్తూ, "ఆ పాలు చూసినప్పుడు ఎంత వేడిగా ఉన్నాయమ్మా?" అని అడిగారు.

నాకు ప్రశ్న అర్థం కాలేదు. వేడికీ నీళ్లకీ సంబంధమేమిటి? ఆయన సీసాలోని కొబ్బరినూనె కథ చెప్పారు. చలికి గడ్డకట్టి కిందికి దిగిన నూనె ఎండలో పెడితే పైకి లేస్తుంది, అంటే అదే నూనె ఎక్కువ చోటు ఆక్రమిస్తోంది. బరువు పెరగకుండా చోటు పెరిగితే సాంద్రత తగ్గాలి గదా అన్నారు. పాలూ అంతే. ఆ గాజు గొట్టం మీద, ఏ వేడిలో ఉన్న పాలలో వేసి చూడాలో రాసే ఉంటుంది, నువ్వు చదివావా అన్నారు. చదవలేదు. మా ఊళ్లో ఎవరూ చదవలేదు. ఆ "ఒకామె" ఎవరని ఆయన నన్ను అడగలేదు. అడగకుండానే వచ్చే ఆదివారం పొద్దున మీ ఊరు వస్తానన్నారు.

ఆదివారం పాలు నేనే పిండుతానని పట్టుబట్టాను. సారు చెప్పింది నిజమో కాదో చూద్దామని అనుకున్నానని రాస్తే బాగుంటుంది గాని, నిజం అది కాదు. అమ్మ చేతిని నమ్మలేకే నేను పిండుతానన్నాను. క్యాను బోర్లించి దులిపాను. లోపల చెయ్యి పెట్టి తడి ఉందేమో చూశాను. పొదుగు కడిగిన చెంబును తీసుకెళ్లి వాకిట్లో దూరంగా పెట్టాను. అమ్మ గడప మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఇదంతా చూసింది. నా చేతికి అలవాటు లేక బర్రె రెండుసార్లు కాలు ఎత్తితే, కూర్చున్న చోటి నుంచే నాలుకతో చప్పుడు చేసి దాన్ని నిలబెట్టింది. అంతే, దగ్గరికి రాలేదు.

నురగ అణగకముందే క్యాను తీసుకుని కేంద్రానికి పోయాను. సారు అప్పటికే వచ్చి గోడవారన నిలబడ్డారు. చిన్నాయన మీటరు వేశాడు. ఇరవై ఆరు.

వెనక నుంచి ఎవరో నవ్వారు. "బిడ్డ గూడ నేర్చింది," అన్నారు.

ఆ నవ్వు వీపు మీద పడ్డప్పుడు నాకు తెలిసింది అమ్మ పదిహేను రోజులుగా ఏం మోస్తోందో. నా చేత్తో నేను పిండిన పాలు. ఒక్క చుక్క నీళ్లు లేవని లోకంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. "నేను పొయ్యలే," అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది.

సారు అప్పుడు ముందుకొచ్చి, ఆ క్యానును మూతపెట్టి, నిండిన క్యాన్లు చల్లగా ఉండటానికి వాడే నీళ్ల తొట్టిలో అందరి ముందే పెట్టమని చిన్నాయనను అడిగారు. మూత ఎవ్వరూ తీయవద్దు, మీరే కాపలా ఉండండి, గంట తర్వాత మీరే చూడండి అన్నారు. చిన్నాయనకు అది నచ్చలేదు. బడి పంతులుకు పాల సంగతేం తెలుసన్నట్టు చూశాడు. కానీ పదిమందిలో కాదనలేక సరేనన్నాడు. పాలు పోసేసిన వాళ్లు కూడా పోలేదు. ఆదివారం గనక పనికి తొందర లేదు, పైగా పంతులు ఓడిపోతే చూడాలని కొందరికి సరదా. పెద్దమ్మ మాత్రం పని ఉందని వెళ్లిపోయింది.

గంట తర్వాత చిన్నాయన మూత తీసి, పాలు కలియబెట్టి, మీటరు వేశాడు. అది కాస్త ఊగి, నిలబడింది. ఆయన వంగి చూశాడు. తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ వేశాడు. మూడోసారి కూడా వేసి చూశాడు. ఇరవై తొమ్మిది దాటింది. సారు ఆ గొట్టం తీసుకుని, మెడ దగ్గర సగం అరిగిపోయిన సన్నటి అక్షరాలను ఆయనకు చూపించారు. పాలు ఎంత వేడిలో ఉన్నప్పుడు చూడాలో అందులో రాసే ఉంది. దూరం నుంచి చలిలో నడిచొచ్చేవాళ్ల పాలు దారిలోనే చల్లారేవి. ఇంటి పక్క నుంచి కొంగు కప్పుకుని తెచ్చే అమ్మ పాలు పొదుగు వేడితోనే మీటరు కిందికి వచ్చేవి. ఏ రోజు అమ్మ బర్రెకు కుడితి పెట్టి, నిదానంగా వచ్చిందో ఆ రోజే మీటరు తేలింది. మరీ శ్రద్ధ పెట్టిన రోజులన్నీ ఆమె దొంగ అయింది.

చిన్నాయన చెడ్డవాడు కాదు. ఆ పదిమందిని వెంటబెట్టుకునే మా వాకిట్లోకి వచ్చి, పేడ చేతులతో నిలబడ్డ అమ్మతో "తప్పయింది వదినా. నాకు ఎరుక లేదు," అన్నాడు. అమ్మ "అవ్, ఎవరికి ఎరుక?" అని మాత్రం అని, సారుకు చల్ల తెమ్మని నన్ను లోపలికి పంపింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. వారం తిరక్కముందే సారు పాఠంలో ఇంకో సంగతి చెప్పారు. వెన్న నీళ్లకంటే తేలిక కాబట్టి, మీగడ తీసిన పాలు మరింత బరువెక్కుతాయట. అలాంటి పాలలో కొన్ని నీళ్లు కలిపితే మీటరు మళ్లీ అసలు పాల గీత దగ్గరికే వచ్చి నిలుస్తుందట. అంటే నీళ్లు లేని పాలకు దొంగతనం అంటగట్టగల మీటరు, నీళ్లున్న పాలను చూసి నోరు మూసుకోనూ గలదు. ఆ మాట వినగానే నాకు ఎదురిల్లే కళ్లముందు మెదిలింది. మా అంత దగ్గరి నుంచే వచ్చినా ఒక్కనాడూ గీత తప్పని పాలు. ఎప్పుడూ నిండుగా ఉండే పెద్దమ్మ నెయ్యి జాడీ. గంట ఆగకుండా ఆదివారంనాడు వెళ్లిపోయిన తొందర. నా మనసులో అన్నీ టకటకా అతుక్కుపోయాయి. సాయంత్రం పరుగున ఇంటికి పోయి, గాటి దగ్గర గడ్డి వేస్తున్న అమ్మకు గబగబా అంతా చెప్పాను. రేపు కేంద్రం దగ్గర అందరిలో చెప్పేస్తానన్నాను.

అమ్మ గడ్డి వేయడం ఆపలేదు.

"మీగడ తీసుడు సూసినవా?"

"లేదు గాని..."

"నీళ్లు పోసుడు సూసినవా?"

అమ్మ చేతులు దులుపుకుని, పక్కనున్న చెంబు తీసి, దాని లోపలి వైపు నాకు కనబడేలా వాలు వెలుతురులోకి తిప్పింది. నేను మేకుతో గీసిన గీత సన్నగా మెరిసింది.

"నన్ను గూడ గిట్లనే లెక్క కట్టినవ్ గద బిడ్డా," అంది.

అందులో కోపం లేదు. తిట్టినా, కొట్టినా బాగుండుననిపించింది. ఆ గీత ఆమె ఎన్నాళ్ల కింద చూసిందో, ఎన్ని పొద్దులు ఆ గీత దాకా తానే నీళ్లు నింపి నాకోసం పెట్టిందో నాకు తెలియదు. అడగలేదు. నేను పెద్దమ్మ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె నిజంగా మీగడ తీసేదో, లేక ఆమె పాలూ మా పాలలాగే మంచివేనో ఈనాటికీ నాకు తెలియదు. లెక్క మాత్రం ఇప్పటికీ కుదురుతూనే ఉంటుంది. అదే భయం.

ఆ తర్వాత మా ఊళ్లోకి వెన్న శాతం చూసే యంత్రం వచ్చింది. చిన్నాయన పోయాడు. సారు బదిలీ అయి మళ్లీ కనబడలేదు. నేను చదువుకుని ఆయన చెప్పిన పాఠాలే చెప్పే పంతులమ్మనయ్యాను. పరీక్ష హాలులో ఇద్దరి జవాబులు ఒకేలా ఉంటే, కాపీ అని రాయబోయే ముందు కలం ఎత్తి కాసేపు ఆగేదాన్ని. దాన్ని మంచితనమనుకునేవారు తోటివాళ్లు.

ఇప్పుడు ఊళ్లో ఆ బర్రెల పాకలు లేవు. అడవి అంచు వెనక్కి జరిగింది. నేనుండే ఈ టౌనులో పాలు పోసే మనిషి మొహం కూడా నాకు తెలియదు. పొద్దున్నే గుమ్మం ముందు ప్యాకెట్లు పడి ఉంటాయి. వాటి మీద ఏం రాసి ఉంటే అదే నమ్ముతాం. మనుషులను మాత్రం అంత తేలిగ్గా నమ్మం. అపార్టుమెంట్లో ఏది పోయినా ముందు పనిమనిషి పేరు, తర్వాత వాచ్‌మన్ పేరు ఫోన్లలో తిరిగిపోతాయి. ఆ పోయింది సోఫా కింద దొరికాక ఎవరూ మళ్లీ ఆ ఫోనులో ఏమీ రాయరు. మా రోజుల్లో మనుషులు మంచివాళ్లని నేననను. నేనూ ఆ రోజుల దాన్నే గదా. కానీ ఆనాడు నిందవేసిన మనిషి ఎదురుగా నిలబడి వేసేవాడు. తప్పని తేలితే వేసిన గడపకే నడిచొచ్చి తలవంచేవాడు.

చిన్నాయన పదిమందిలో అన్న ఆ ఒక్క మాట, ఆ తర్వాత అమ్మ బతికున్న ముప్పై ఏళ్లలో, ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా నేను అనలేకపోయాను.